తాలూత్ రాజు గుణదోషాలు - దైవగ్రంథాల వెలుగులో ఒక పరిశీలన

సూరె అల్-బఖరాలో 246వ ఆయత్ మొదలు 251వ ఆయత్ వరకు ఒక రాజు వృత్తాంతం ఉంది. హజ్రత్ మూసా (అ) తర్వాతి కాలంలో ఇస్రాయీల్ సంతతి పెద్దలు తమ ప్రవక్త వద్దకు వచ్చి, అల్లాహ్ మార్గంలో పోరాడటానికి తమకొక రాజును నియమించమని కోరారు. అల్లాహ్ తాలూత్‌ను రాజుగా నియమించాడు. ఆయన సైన్యంతో బయలుదేరి, నది దగ్గర సైనికులను పరీక్షించి, మిగిలిన కొద్దిమందితో జాలూత్‌ను ఎదుర్కొన్నాడు. ఆ యుద్ధంలోనే హజ్రత్ దావూద్ (అ) జాలూత్‌ను సంహరించారు. అంతటితో తాలూత్ ప్రస్తావన దివ్యఖుర్ఆన్‌లో ముగుస్తుంది. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడో ఖుర్ఆన్ చెప్పలేదు.

బైబిలు పాత నిబంధనలో ఈ రాజు పేరు సౌలు. సమూయేలు మొదటి గ్రంథం 9వ అధ్యాయం నుంచి 31వ అధ్యాయం వరకు ఆయన కథ సాగుతుంది. అక్కడ ఆయన వినయశీలుడైన యువకునిగా ప్రవేశిస్తాడు. పోను పోను దావూద్ ప్రాణం తీయడానికి కొండలవెంట తిరిగేవాడుగా మారతాడు. చివరకు యుద్ధంలో ఓడి, తన ఖడ్గం మీద తానే పడి మరణిస్తాడు.

ఈ విషయం మీద వ్రాయడానికి నాకొక స్వంత కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక ఉర్దూ గ్రంథం నుంచి పూర్వ ప్రవక్తల వృత్తాంతాలను తెలుగు చేస్తూ, తాలూత్ అసూయను గురించి, ఆయన చేయించిన పండితుల వధను గురించి, పశ్చాత్తాపాన్ని గురించి మూలంలో ఉన్న కథను ఉన్నది ఉన్నట్టు అనువదించాను. ఆ కథ ఎక్కడిదో, ఎవరి ద్వారా వచ్చిందో ఒక్క వాక్యం కూడా చేర్చలేదు. పుస్తకం చదివిన ఒక విద్యార్థి దర్సు ముగిశాక నా దగ్గరకు వచ్చి, “మౌల్వీసాబ్, అల్లాహ్ స్వయంగా ఎన్నుకున్న మనిషి చివరికి ఇలా అయ్యాడా? అయితే ఆ ఎన్నికకు అర్థమేమిటి?” అని అడిగాడు. “అవి ఇస్రాయీలీ కథలు బేటా, వాటిని వదిలెయ్యి” అని నేను తప్పించుకున్నాను. వదిలెయ్యవలసిన కథయితే మీరెందుకు అచ్చు వేయించారని అతను అడగలేదు. అడిగివుంటే నా దగ్గర జవాబు లేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

చదివే పద్ధతి

గ్రంథప్రజల కథనాలను మనం ఏ విధంగా చదవాలి? ఈ విషయంలో దైవప్రవక్త (స) ఇచ్చిన మార్గదర్శకత్వం స్పష్టంగా ఉంది. గ్రంథప్రజలు చెప్పేదాన్ని సత్యమని ధ్రువీకరించవద్దు, అసత్యమని త్రోసివేయవద్దు. మాపై అవతరించినదాన్నీ, మీపై అవతరించినదాన్నీ విశ్వసించామని చెప్పండి అన్న భావం గల హదీసును హజ్రత్ అబూ హురైరా (ర) ద్వారా ఇమామ్ బుఖారీ ఉల్లేఖించారు. ఇస్రాయీల్ సంతతి వృత్తాంతాలను చెప్పుకోవడంలో దోషం లేదన్న మరో హదీసు కూడా బుఖారీలోనే ఉంది. ఈ రెంటినీ ఆధారం చేసుకొని మన పండితులు ఆ కథనాలను మూడు విధాలుగా విభజించారు. ఖుర్ఆన్, హదీసులతో ఏకీభవించేవి మొదటివి. వాటికి విరుద్ధమైనవి రెండవవి. ఏకీభవించనివి, విరుద్ధమూ కానివి మూడవవి. తాలూత్ జీవితంలోని చాలా భాగం ఈ మూడవ కోవలోకి వస్తుంది.

ఇక్కడ పాఠకులు ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. తాలూత్ ప్రవక్త కాడు, రాజు మాత్రమే. హజ్రత్ దావూద్ (అ) దైవప్రవక్త. ఆయనకు ఘోర పాపాలను అంటగట్టే కథనాలు బైబిలులో ఉన్నాయి. ప్రవక్తల పవిత్రతను విశ్వసించే మనకు అవి అంగీకారయోగ్యం కావు. తాలూత్ విషయంలో ఆ అడ్డు లేదు. ఒక మంచి మనిషిలో లోపాలు ఉండవచ్చు. లోపాలున్నంత మాత్రాన ఆ మనిషిలోని మంచి రద్దయిపోదు కూడా.

ఆనాటి పరిస్థితులు

తాలూత్ కాలం క్రీస్తు పూర్వం 11వ శతాబ్దం చివరి భాగమని చరిత్రకారుల సామాన్యమైన అంచనా. ఆయన ఎన్నేళ్లు పాలించాడో ఖచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. ఆ లెక్క చెప్పవలసిన హెబ్రూ వాక్యమే, అనగా సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం మొదటి వచనమే, మూలంలో దెబ్బతిని ఉంది. అందులో రాజు వయస్సు చెప్పే అంకె లేదు.

ఇస్రాయీల్ తెగలకు అప్పుడు కేంద్ర ప్రభుత్వం లేదు. కాలానుగుణంగా న్యాయాధిపతులు వచ్చి నాయకత్వం వహించేవారు. సముద్రతీరంలో స్థిరపడిన ఫిలిష్తీయుల చేతిలో ఇనుము ఉంది. ఇస్రాయీల్ దేశమంతటా ఒక్క కమ్మరి కూడా లేడని, నాగటికర్రు పదును పెట్టించుకోవాలన్నా ఫిలిష్తీయుల దగ్గరకే పోవలసి వచ్చేదని బైబిలు చెబుతుంది. ఆ పనికి ఇచ్చిన కూలిని ‘పిమ్’ అన్న మాటతో చెప్పారు. పాత నిబంధన అంతటిలో ఒకేచోట కనిపించే ఈ మాటకు అర్థం చాలాకాలం తెలియలేదు. 20వ శతాబ్దపు త్రవ్వకాలలో ఆ పేరు చెక్కిన చిన్న తూనికరాళ్లు దొరికిన తర్వాత, అది సుమారు 8 గ్రాముల బరువు అని తేలింది. యుద్ధం రోజున రాజు దగ్గర, ఆయన కుమారుడు యోనాతాను దగ్గర తప్ప మరెవరి దగ్గరా కత్తి లేదని కూడా అదే అధ్యాయంలో ఉంది. ఇది చదివిన తర్వాత, హజ్రత్ దావూద్ (అ) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాలు తయారుచేసే విద్య నేర్పాడని తెలిపే ఆయత్‌లను (21 : 80, 34 : 10-11) మళ్లీ చదివి చూడండి. కత్తిలేని జాతికి ఆ వరం ఎంత విలువైనదో అర్థమవుతుంది.

సౌలు అనే హెబ్రూ పేరుకు ‘అడిగి తెచ్చుకొన్నవాడు’ అని అర్థం. తాలూత్ అనే రూపంలో పొడవును తెలిపే అరబ్బీ ధాతువు ధ్వనిస్తుందని మన వ్యాఖ్యాతలు కొందరు అన్నారు. ఈ రెండు అర్థాలూ ఆయనకు తగినవే. జనం అడిగారు, రాజు వచ్చాడు. భుజాలు మొదలుకొని పైకి ఆయన అందరికంటే పొడగరి అని బైబిలు కూడా వర్ణిస్తుంది.

సుగుణాలు

మొదటి సుగుణం అధికారాన్ని కోరకపోవడం. తండ్రి కీషు గాడిదలు తప్పిపోతే వాటిని వెతుకుతూ పోయిన పల్లెటూరి యువకునికి రాజ్యం ఎదురైంది. గాడిదల సంగతి మరచి తండ్రి ఇప్పుడు మన కోసం దిగులు పడుతుంటాడు, వెనక్కి పోదామని ఆయన తన సేవకునితో అంటాడు. ప్రవక్త రాజ్య ప్రస్తావన తెచ్చినప్పుడు తమది బెన్యామీను అనే అతి చిన్న గోత్రమని వెనుకాడతాడు. ప్రజల ముందు పేరు ప్రకటించే వేళకు వెళ్లి సామానుల మధ్య దాక్కుంటాడు. అధికారాన్ని అడిగి పుచ్చుకొన్నవాడు దానికే వదిలివేయబడతాడు, అడగకుండా పొందినవానికి దైవసహాయం లభిస్తుంది అని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (ర)కు చేసిన ఉపదేశం ఇక్కడ జ్ఞాపకం వస్తుంది.

ఆ ఎన్నికను పెద్దలు ఆక్షేపించారు. ఖుర్ఆన్ ప్రకారం వారి అభ్యంతరం ధనం గురించి. సంపద లేనివాడు మాపై రాజెలా అవుతాడన్నారు. తాలూత్ తోళ్లు శుద్ధి చేసే పనివాడని వహబ్ బిన్ మునబ్బిహ్, నీళ్లు మోసే భిస్తీ అని ఇక్రిమా, సుద్దీ చెప్పినట్టు తఫ్సీర్‌లలో ఉంది. ఈ ఉల్లేఖనాల ప్రామాణికత ఎలావున్నా, ఆక్షేపణ వెనుక ఉన్న అహంకారం మనకు తెలియనిది కాదు. మన వీధులలో నేటికీ పెళ్లి సంబంధాలప్పుడూ, మస్జిదు కమిటీ ఎన్నికలప్పుడూ అది వినిపిస్తూనే ఉంటుంది. దైవం ఇచ్చిన సమాధానం ఏమిటంటే, తాలూత్‌కు జ్ఞానంలోనూ దేహంలోనూ సమృద్ధి ఉంది. అనగా పని చేయడానికి కావలసిన యోగ్యత ఉంది. అక్కడ వాడిన ‘బస్తత్’ అనే మాటను తెలుగు చేయడానికి నేను చాలా తడుముకున్నాను. పరచుకోవడం, విస్తరించడం అనే భావం అందులో ఉంది. బలం ఒక్కటే అయితే ఆ మాట అక్కరలేదు. జ్ఞానం ముందు వచ్చి దేహం తర్వాత రావడం కూడా గమనించదగినది.

రెండవ సుగుణం ఆపదలో ఉన్నవారి కోసం కదలడం. యొర్దాను నదికి ఆవల ఉన్న యాబేష్గిలాదు పట్టణాన్ని అమ్మోనీయుల రాజు నాహాషు ముట్టడించాడు. ప్రతివాని కుడికన్నూ పెరికిస్తేనే సంధి చేసుకుంటానన్నాడు. మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహలలో 1947 నుంచి దొరుకుతూ వచ్చిన ప్రాచీన ప్రతులలో సమూయేలు గ్రంథం ప్రతి ఒకటి ఉంది. వాడుకలోని హెబ్రూ పాఠంలో లేని ఒక పేరా ఆ ప్రతిలో ఇక్కడ కనిపిస్తుంది. నాహాషు అంతకుముందే నదికి ఆవలి గోత్రాలవారి కుడికళ్లు పెరికించాడని, తప్పించుకొన్న 7,000 మంది యాబేష్గిలాదులో తలదాచుకున్నారని ఆ పేరా చెబుతుంది. వార్త వచ్చేసరికి సౌలు పొలం నుంచి ఎద్దుల వెంట ఇంటికి వస్తున్నాడు. రాజుగా ప్రకటించిన తర్వాత కూడా ఆయన సేద్యం మానలేదన్నమాట. విన్న వెంటనే తెగలన్నిటికీ కబురు పంపి, సైన్యాన్ని కూర్చి, తెల్లవారుజామున మూడు దళాలతో విరుచుకుపడి పట్టణాన్ని కాపాడాడు.

మూడవ సుగుణం క్షమ. ఆయన రాజయిన రోజున కొందరు దుష్టులు ‘వీడా మనల్ని రక్షించేది’ అన్నట్టు హేళన చేసి కానుకలు తేలేదు. ఆయన విననట్టే ఊరుకున్నాడు. విజయం తర్వాత జనం వారిని చంపుతామని ఆవేశపడ్డారు. ఈ రోజు ఎవరి ప్రాణమూ పోరాదని ఆయన అడ్డుపడ్డాడు. గెలిచిన రోజున చేయి ఆపుకోవడం అందరి వల్లా కాదు. హిజ్రీ 8లో (క్రీ. శ. 630) మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) తమను ఇరవై ఏళ్లు పీడించినవారిని క్షమించిన మహోన్నత ఘట్టానికి దీన్ని సమానం చేయడం నా ఉద్దేశ్యం కాదు. ఆ దారిలో పూర్వం ఒక రాజు కూడా ఒక అడుగు వేశాడని మాత్రమే మనవి.

నది ఒడ్డున

దివ్యఖుర్ఆన్ తాలూత్ చరిత్రలో ప్రధానంగా చూపేది నది పరీక్షను. దాహంతో ఉన్న సైన్యం ముందు నది ఉంది. త్రాగినవాడు నావాడు కాడు, చేత్తో ఒక్క పుడిసెడు తీసుకొంటే తప్పులేదు అని ఆజ్ఞ. కొద్దిమంది తప్ప అందరూ త్రాగారు. ఆ నది యొర్దాను అని వ్యాఖ్యాతలలో పలువురి అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొన్నవారి సంఖ్య తాలూత్‌తో నది దాటినవారి సంఖ్యకు సమానమని, అది మూడువందల పదికి పైచిలుకు అని సహాబాలు చెప్పుకునేవారని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (ర) తెలిపిన మాట బుఖారీలో ఉంది. హిజ్రీ 2లో బద్ర్ మైదానంలో నిలిచినవారికి ఈ ఆయత్‌లు పాతకథగా కాక తమ కథగానే వినిపించి ఉంటాయి.

బైబిలులో నీటి పరీక్ష సౌలు కథలో లేదు. అంతకుముందు గిద్యోను అనే న్యాయాధిపతి కథలో ఉంది. అక్కడ ఎంపికైనవారు 300 మంది. ఖుర్ఆన్ రెండు కథలను కలిపివేసిందని కొందరు ప్రాచ్య పండితులు ఆక్షేపించారు. నిదానంగా పోల్చి చూస్తే ఆ రెండు పరీక్షలూ ఒకటి కావని తెలుస్తుంది. గిద్యోను పరీక్షలో అందరూ నీరు త్రాగారు. ఏ తీరుగా త్రాగారన్నది చూసి సంఖ్యను తగ్గించారు. తాలూత్ పరీక్షలో చూసింది నిగ్రహాన్ని.

సౌలు కథలో కూడా సైన్యం నిగ్రహానికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. 14వ అధ్యాయంలో, సాయంకాలం లోగా అన్నం ముట్టినవాడు శపితుడని రాజు సైన్యం చేత ఒట్టు వేయిస్తాడు. సైనికులు నీరసించిపోతారు. ఆ సంగతి తెలియని యోనాతాను అడవిలో కొంచెం తేనె నాలుకకు రాసుకుంటాడు. ఒట్టు కోసం రాజు కన్నకొడుకునే చంపబోతే ప్రజలు అడ్డుపడి విడిపిస్తారు. దైవాజ్ఞగా వచ్చిన పరీక్షలో ఒక పుడిసెడు నీటికి వెసులుబాటు ఉంది. మనిషి ఆవేశంతో పెట్టిన ఒట్టులో ఒక చుక్క తేనెకు కూడా చోటు లేదు. రెండు గ్రంథాలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినప్పుడు నాకు అన్నింటికంటే ఉపయోగపడిన పోలిక ఇదే.

లోపాలు

ఇక బైబిలు చూపే లోపాలకు వద్దాం. మొదటిది తొందరపాటు. గిల్గాలులో ఏడు రోజులు తన కోసం ఆగమని సమూయేలు చెప్పాడు. ఏడవ రోజు వచ్చింది, ఆయన రాలేదు. సైన్యం చెదిరిపోయి 600 మంది మిగిలారు. సౌలు ఇక ఆగలేక తానే బలి అర్పించాడు. అది ముగుస్తుండగా సమూయేలు వచ్చాడు. ఏ సేనాపతికైనా ఆ క్షణం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే ఈ తప్పు విషయంలో చదివేవారికి సౌలు మీద కోపం కంటే జాలి ఎక్కువగా కలుగుతుంది.

రెండవది జనానికి భయపడటం. అమాలేకీయుల మీదికి పంపినప్పుడు అందరినీ, అన్నింటినీ నాశనం చేయమని సమూయేలు ఆజ్ఞాపించాడని, సౌలు రాజైన అగగును, మేలైన పశువులను విడిచిపెట్టాడని 15వ అధ్యాయం చెబుతుంది. ఇక్కడ ముస్లిం పాఠకుడు ఆగిపోతాడు. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. అటువంటి ఆజ్ఞ ఒక ప్రవక్త నోట వచ్చిందన్న మాటను మనం ధ్రువీకరించలేము. అయితే సౌలు దయతో ఆగాడని అనుకోవడానికి కూడా ఆ కథలో ఆధారం లేదు. సామాన్య ప్రజలను వదలలేదు; రాజునూ కొవ్విన గొర్రెలనూ వదిలాడు. అడిగితే జనమే చేశారన్నాడు. మళ్లీ అడిగితే బలి ఇవ్వడానికి తెచ్చామన్నాడు. చివరకు జనానికి భయపడి వారి మాట విన్నానని ఒప్పుకున్నాడు. అప్పుడు కూడా ఆయన కోరిక ఏమిటంటే, పెద్దల ముందు తన గౌరవం నిలిచేలా సమూయేలు తన వెంట రావాలని. ఒకనాడు సామానుల మధ్య దాక్కున్నవాడు, ఈ యుద్ధం ముగిసేసరికి కర్మెలులో తన పేర జయస్తంభం నిలుపుకున్నాడు. అధికారం మనిషిని ఎంత నెమ్మదిగా మారుస్తుందో ఈ రెండు దృశ్యాలే చెబుతాయి.

మూడవది అసూయ. జాలూత్ మరణం తర్వాత స్త్రీలు వీధులలో పాడుతూ రాజు కంటే దావూద్‌ను ఎక్కువగా పొగిడారు. ఆ రోజు మొదలు సౌలు చూపు మారిపోయింది. ఈటె విసిరాడు, యుద్ధాలలో చావడానికి పంపాడు, స్నేహితుని పక్షం వహించినందుకు కన్నకొడుకు మీద కూడా ఈటె విసిరాడు. దావూద్‌కు రొట్టెలు ఇచ్చారన్న నేరం మీద నోబు పట్టణంలోని 85 మంది యాజకులను చంపించాడు. రాజు అంగరక్షకులే ఆ పని చేయమని నిరాకరిస్తే, దోయేగు అనే పరదేశి చేత చేయించాడు. అసూయ తప్ప మరేదీ లేని మనిషి అయితే ఇంతగా చెప్పుకోవలసింది లేదు. ఎన్గెదీ గుహలో దావూద్ తన చేతికి చిక్కిన రాజును చంపక, అంగీ అంచు మాత్రం కోసి విడిచిపెట్టినప్పుడు సౌలు బిగ్గరగా ఏడుస్తాడు. నీవు నాకంటే నీతిమంతుడవని ఒప్పుకుంటాడు. కొన్నాళ్లకు మళ్లీ వెంటబడతాడు. తప్పు తెలుసుకోవడం, దాని నుంచి మరలడం రెండు వేర్వేరు విషయాలు. రెండవది ఉంటేనే తౌబా పూర్తవుతుంది.

నాలుగవది, దైవం నుంచి సమాధానం రానప్పుడు సోదె చెప్పేదాని దగ్గరకు పోవడం. దేశం నుంచి సోదెగాళ్లను వెళ్లగొట్టినది సౌలే. యుద్ధానికి ముందు రాత్రి మారువేషంలో ఏన్దోరు వెళ్లినది కూడా ఆయనే.

వ్రాసినది ఎవరు?

ఈ చిత్రమంతా యథార్థమేనా? సమూయేలు గ్రంథంలో రాజరికాన్ని మెచ్చుకొనే కథనాలు, దాన్ని ఏవగించుకొనే కథనాలు కలిసి ఉన్నాయని జర్మను పండితుడు వెల్‌హౌజెన్ 19వ శతాబ్దంలోనే చూపాడు. ఆ తర్వాతి పరిశోధకులు, సౌలు కథలో చాలా భాగం దావూద్ వంశపు రాజుల కాలంలో, వారి సింహాసన హక్కును సమర్థించే దృష్టితో రూపుదిద్దుకున్నదని అభిప్రాయపడ్డారు. దిగిపోయిన వంశం గురించి కొత్త వంశం ఆస్థానంలో ఏమి వ్రాస్తారో మనకు తెలియనిది కాదు. దావూద్ వంశం పేరున్నదని ఎక్కువమంది పండితులు అంగీకరించే అరామీ శాసనం 1993లో తెల్ దాన్‌లో బయటపడింది. సౌలు పేరున్న శాసనం ఒక్కటీ దొరకలేదు. ఆయన ఊరు గిబియా అని చాలామంది భావించే తెల్ అల్-ఫూల్ జెరూసలేముకు ఉత్తరాన ఉంది. 1922లో ఆల్‌బ్రైట్ అక్కడ త్రవ్వించి ఒక చిన్న కోటను సౌలు కోటగా గుర్తించాడు. తర్వాతివారు ఆ నిర్ణయాన్ని శంకించారు. అదే దిబ్బ మీద జోర్డాను రాజు హుసేన్ ప్రారంభించిన భవనం 1967 యుద్ధంతో ఆగిపోయి, అసంపూర్ణంగా మిగిలింది.

అయితే న్యాయం చెప్పవలసి వస్తే ఇంకొక మాట కూడా అనాలి. ఓడినవానిని చెడ్డవానిగా చూపడమే ఆ గ్రంథ ఉద్దేశ్యమైతే, పొలం నుంచి వచ్చి పట్టణాన్ని కాపాడిన ఘట్టాన్నీ, శత్రువులను క్షమించిన ఘట్టాన్నీ తీసివేసి ఉండవచ్చు. వారు తీసివేయలేదు. సమూయేలు ఆయన కోసం రాత్రంతా మొరపెట్టుకున్నాడని, ఆ తర్వాత కూడా దుఃఖించాడని వ్రాశారు.

మన గ్రంథాలలోకి వచ్చిన కథలు

నేను అనువదించిన కథ ఈ మార్గంలో వచ్చిందే. నోబు యాజకుల వధ ప్రాచీన ఉల్లేఖకుల నోట పండితుల వధగా మారింది. ఏన్దోరు సోదె కథ తౌబా మార్గం వెతికే రాజు కథగా మారింది. తబరీ, సఅలబీ వంటివారు తమకు చేరిన ఉల్లేఖనాలను చెప్పినవారి పేర్లతో సహా పొందుపరచారు. ఇబ్నె కసీర్ తమ చరిత్ర గ్రంథంలో సుద్దీ ఉల్లేఖనాన్ని పేర్కొని, అందులో కొంత భాగం సందేహాస్పదమని వెంటనే హెచ్చరించారు. తర్వాత వచ్చిన జనప్రియ గ్రంథాలలో కథ మిగిలింది, పేర్లూ హెచ్చరికా జారిపోయాయి. నా అనువాదం ఆ గొలుసులో చివరి కడియం. మూలకర్త నింద పడకుండా, పాఠకుడు మోసపోకుండా ఒక చిన్న అధోజ్ఞాపిక వ్రాసి ఉంటే సరిపోయేది. ఆ తప్పు నాదే.

ఎన్నిక అంటే ఏమిటి?

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వస్తాను. అల్లాహ్ ఎన్నుకున్న మనిషిలో లోపం ఉండవచ్చునా? ఆయత్‌ను జాగ్రత్తగా చదివితే తాలూత్‌ను ‘మీపై’ ఎన్నుకున్నాడన్న భావం కనిపిస్తుంది. అనగా ఆ ప్రజలకు, ఆ సమయంలో, ఆ పనికి. రాజ్యాధికారాన్ని అల్లాహ్ తాను కోరినవారికి ఇస్తాడని కూడా అక్కడే ఉంది. అది అమానతు. అమానతు ఇచ్చినప్పుడు పరీక్ష తప్పదు. నది ఒడ్డున సైనికులను పరీక్షించిన రాజు తాను పరీక్షకు అతీతుడేమీ కాదు. ప్రవక్తల విషయం వేరు. మిగిలిన మానవులకు యోగ్యత ఇవ్వబడుతుంది, దానిని కాపాడుకొనే భారం వారిపై ఉంటుంది.

బైబిలు కథనాన్ని నమ్మవలసిన బాధ్యత మనకు లేదు. తాలూత్ అంతం గురించి ఖుర్ఆన్ మౌనం వహించింది. ఆ మౌనం దగ్గర మనమూ ఆగాలి. అయినా ఆ కథనాన్ని నాయకత్వాన్ని గురించిన ఒక హెచ్చరికగా చదువుకోవడానికి అడ్డు లేదు. దాహాన్ని ఆపుకోవడం కంటే పొగడ్త కోసం కలిగే దాహాన్ని ఆపుకోవడం కష్టం. తనకంటే చిన్నవాడు గెలిచినప్పుడు సంతోషించగలగడం ఇంకా కష్టం.

దీనికి మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. గిల్బోవ కొండ పాదాన ఉన్న నీటిబుగ్గను అరబ్బులు ఐనె జాలూత్ అన్నారు. హిజ్రీ 658 రమజాను 25న (3 సెప్టెంబరు 1260) సుల్తాన్ ఖుతుజ్, సేనాని బైబర్స్ కలిసి అక్కడ మంగోలులను ఓడించారు. ఇస్లామీయ ప్రపంచానికి ఊపిరి పోసిన విజయమది. రెండు నెలలు తిరగకముందే, కైరోకు వెళ్లే దారిలో, బైబర్స్ పాల్గొన్న కుట్రలో ఖుతుజ్ హతుడయ్యాడు. ఆశించిన హలబ్ పాలన దక్కకపోవడం అందుకు కారణమని చరిత్రకారులు చెబుతారు. అసూయ ఇస్రాయీల్ సంతతికి మాత్రమే పరిమితమైన వ్యాధి అనుకోవడానికి మనకు వీలులేదు.

ముగింపు

సౌలు మరణించినది ఆ గిల్బోవ కొండ మీదే. ముగ్గురు కుమారులు ఆయనతోపాటే కూలిపోయారు. ఫిలిష్తీయులు ఆయన మొండెమును బేత్షాను గోడకు వ్రేలాడదీశారు. ఆ వార్త యాబేష్గిలాదుకు చేరింది. ఒకనాడు తమ కళ్లు కాపాడిన రాజు కోసం ఆ ఊరి పరాక్రమవంతులు రాత్రంతా నడిచి, శత్రువుల గోడ మీది నుంచి దేహాలను దింపి తెచ్చి, ఎముకలను చెట్టు క్రింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఆయన చివరి సంవత్సరాలలో ఏమి చేశాడో వారికి తెలియదని అనుకోలేము. తెలిసే వెళ్లారు. ఆయన చేతిలో ఎక్కువ బాధపడిన దావూద్ కూడా ఆయన మరణవార్తకు సంతోషించక విలపించాడని ఆ గ్రంథమే చెబుతుంది.

నాయకులను తూచేటప్పుడు యాబేష్గిలాదువారిని గుర్తుపెట్టుకోవడం మంచిది. వారు రాజు తప్పులను ఒప్పులనలేదు, ఆయన మేలునూ మరువలేదు. ఆ విద్యార్థి ఇప్పుడు ఎక్కడో ఉపాధ్యాయుడుగా ఉన్నాడని విన్నాను. ఈ పుటలు అతని కంటబడితే, ఆనాడు నేనివ్వని జవాబు ఇదేనని గ్రహిస్తాడని ఆశిస్తున్నాను. ఇందులో సరియైనది అల్లాహ్ అనుగ్రహం, పొరపాటు నాది. యథార్థం అల్లాహ్‌కే బాగా తెలుసు.